మునగాకు మానేసిన వారం

ఎవరికి, ఏ నెలలో?

డైటీషియన్ ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మధురవాడలో మా అపార్ట్‌మెంటు చుట్టూ కాలేజీలే కాబట్టి, వాళ్ళకి చేతికి అందే దూరంలో ఉన్న ముసలమ్మని నేనే. వచ్చి కూర్చుని, "మేడం, ఏ డైట్ మంచిది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికి, ఏ వయసులో, ఏ మందు మింగుతూ, ఏ నెలలో అని తిరిగి అడుగుతాను. నెలతో ఏం పని మేడం అని తెల్లమొహం వేస్తారు. నెలతో ఏం పనో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగ జీవితమంతా విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో గడిచింది. ఈ మధ్యే దిగిపోయాను. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. డాక్టర్లకీ, నర్సులకీ, లిఫ్టు నడిపే అబ్బాయికీ నేను "డైట్ మేడం"ని. రోగులకైతే ఉప్పు లేని పప్పు పంపించే రాక్షసిని. మీరు కూడా ఆ చూపులు భరించాల్సి వస్తుంది, ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

మన పని వంటింట్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు పని మంచం పక్కన ఉంటుంది. ఎదుటి మనిషి నిజంగా ఏం తింటున్నాడో రాబట్టాలి. పోలీసుకి లాఠీ ఉంది, లాయరుకి బోను ఉంది, మనకి ఒక స్టూలు మాత్రం ఉంది. ఆ స్టూలు మీద కూర్చుని అడిగే ప్రశ్న తప్పితే ప్రాణం మీదికి వస్తుందని నాకు తెలిసేసరికి ఉద్యోగంలో సగం కాలం గడిచిపోయింది.

కొవ్వులో కరిగే నాలుగు

విటమిన్లలో రెండు రకాలున్నాయని మీరు బడిలోనే చదివారు. బి, సి నీళ్ళలో కరుగుతాయి. వాటిని ఎక్కువ తింటే ఆ ఎక్కువలో చాలావరకు ఒంటేలుకి పోతుంది. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి. తిండిలో కాస్త నూనో నెయ్యో లేకపోతే ఇవి ఒంటికి సరిగా పట్టవు. కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి దిగకపోయినా పట్టవు. అందుకే పచ్చకామెర్లతో పైత్యం దారి మూసుకుపోయిన మనిషికి చిన్న గాయమైనా రక్తం ఆగదు. చుక్క నూనె కూడా తాకనని ఒట్టు పెట్టుకుని, క్యారెట్లు మాత్రం కిలోల లెక్కన నమిలే పెద్దమనుషులను నేను బోలెడుమందిని చూశాను. నమలడం వల్ల వాళ్ళ దవడలకి వ్యాయామం మాత్రం దక్కేది.

ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది, కంటి పొర ఎండిపోతుంది. డి తక్కువైతే ఎముకలు మెత్తబడతాయి. ఇ మన కణాల పైపొరలో ఉండే కొవ్వు పాడైపోకుండా చూస్తుంది. కె లేకపోతే రక్తం గడ్డకట్టదు. బిడ్డ పుట్టగానే తొడ మీద ఒక సూది వేస్తారే, అది కె విటమినే. తల్లులు బిడ్డ ఏడుపు చూసి ఆ సూదిని తిట్టుకుంటారు గానీ, అది వేయని బిడ్డ మెదడులో రక్తం చేరితే ఏమవుతుందో చూసినవాళ్ళెవరూ తిట్టరు.

లోపం సంగతి అందరూ చెప్తారు. ఎక్కువైతే ఏమవుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. ఫిషింగ్ హార్బరు వైపునుంచి కడుపుతో ఉన్న ఒకమ్మాయి వచ్చింది. బిడ్డకి చూపు బాగుంటుందని రోజూ చేప కాలేయం నూనె గరిటెతో తాగుతోంది. ఆ నూనెలో ఎ విటమిన్ దండిగా ఉంటుంది, కడుపులో బిడ్డకి అంత ఎ విటమిన్ ముప్పు. వెంటనే ఆపించాం. బిడ్డ పుట్టి, చేతులూ కాళ్ళూ చూసుకునేదాకా నాకు అన్నం సహించలేదు.

ఇంకొకడు మా మధురవాడ కుర్రాడే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాంతులు, ఆగని దాహం, పిచ్చి మగత. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. రక్తంలో కాల్షియం ఎంత పెరిగిందో చూస్తే మాకే భయమేసింది. డి విటమిన్ పొడి వారానికొక పొట్లం పాలలో కలుపుకోమని ఎవరో డాక్టరు రాసిస్తే, ఇతను రోజుకొకటి తాగాడు. ఎందుకు బాబూ అంటే, "వారానికొకటి తాగితే నెలల్లో తగ్గేది, రోజుకొకటి తాగితే రోజుల్లో తగ్గుతుంది కదా మేడం" అన్నాడు. కంప్యూటరు ముందు కూర్చుని నేర్చుకున్న లెక్క అది. డి విటమిన్ ఒంట్లో చేరితే తొందరగా కదలదు. మందు ఆపాక కూడా చాలాకాలం మా చుట్టూ తిరిగాడు పాపం.

కె మాత్రం ఈ విషయంలో వేరు. ఒంట్లో దాని నిల్వ చాలా తక్కువ. తిండిలో అది పెరిగినా తగ్గినా, రక్తం మీద ఆ తేడా కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుని ముందుకు చదవండి.

మా పెద్ద డాక్టరు

గుండె విభాగానికి పెద్ద డాక్టరు శేషగిరి గారు. మాట కటువు, చెయ్యి మెత్తన. నేను చేరిన కొత్తలో ఒక రోగిని "నూనె తగ్గించారా?" అని అడిగితే, అతను బుద్ధిగా తల ఊపాడు. శేషగిరి గారు వెనకనుంచి వచ్చి, "నిన్న సాయంత్రం ఏం తిన్నావయ్యా?" అన్నారు. "పకోడీలండి" అన్నాడు ఆ మనిషి అంతే బుద్ధిగా. వరండాలోకి వచ్చాక నన్ను పట్టుకుని కడిగేశారు. "నువ్వలా అడిగితే నీకు నచ్చే జవాబే చెప్తారు. తగ్గించావా, మానేశావా అని కాదు, ఏం వండుకున్నావని అడుగు" అన్నారు. నా చదువంతా ఒకెత్తు, ఆ చీవాట్లు ఒకెత్తు.

అలాగని ఆయన చెప్పిందంతా ఒప్పుకున్నానని కాదు. గుండెలో వాల్వు మార్పించుకున్నవాళ్ళకి మా విభాగంలో ఒక కాగితం ఇచ్చేవాళ్ళు. అందులో పైనే పెద్ద అక్షరాలతో "ఆకుకూరలు తినరాదు" అని ఉండేది. అది తప్పని నేను ఎన్నోసార్లు పోట్లాడాను. లోహపు వాల్వు ఉన్నవాళ్ళు జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర చేసేదల్లా కాలేయంలో కె విటమిన్ పనికి అడ్డుపడడమే. ఆకుకూరల్లో కె దండిగా ఉంటుంది కాబట్టి అవి ఎక్కువ తింటే మాత్ర ఓడిపోతుంది, ఉన్నట్టుండి మానేస్తే మాత్ర మరీ గెలిచేస్తుంది. అంచేత రోజూ పిడికెడు, ఏడాది పొడుగునా ఒకేలా తినమనాలి, దానికి సరిపడా మాత్ర మోతాదు పెట్టాలి. బొత్తిగా తినొద్దంటే, ఎప్పుడో తిన్న ఒక్క కూరకి రక్తం తలకిందులవుతుంది.

"నువ్వు పిడికెడు అంటే వాళ్ళు గంపెడు తింటారు. మానెయ్యమంటే ఏ గొడవా ఉండదు" అని ఆయన కొట్టిపారేసేవారు. కాగితం అలాగే ఉండిపోయింది.

ఎస్తేరు

ఎస్తేరు మల్కాపురంలో జాకెట్లు కుట్టేది. చిన్నప్పుడు కీళ్ళ వాపుతో వచ్చిన జ్వరం గుండె వాల్వుని తినేసింది. పెళ్ళయ్యాక ఆయాసం ముదిరితే మా ఆసుపత్రిలోనే లోహపు వాల్వు వేశారు. భర్త దానియేలు పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ ఆపరేటరు. ఇద్దరూ మాకు బాగా తెలిసినవాళ్ళు. ప్రతిసారీ రక్తపరీక్షకి వచ్చి, ఫలితం కోసం వరండాలో కూర్చుని, ఆ కాసేపట్లోనే ఏదో ఒక జాకెట్టుకి హుక్కులు కుట్టేసుకునేది.

ఆ పరీక్ష గురించి మీకు తెలిసినా మళ్ళీ చెప్తాను. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో అది ఒక అంకెలో చెప్తుంది. ఆ అంకె దిగిపోతే వాల్వు మీద గడ్డ కడుతుంది, పక్షవాతం వస్తుంది, ప్రాణమే పోవచ్చు. ఎగిరిపోతే ఎక్కడో ఒకచోట రక్తం కారుతుంది. ఎస్తేరు బతుకు ఈ రెండు హద్దుల మధ్య సన్నటి సందులో ఉండేది.

ఆ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో ఆమె అంకె దిగిపోయింది. కుర్ర డాక్టరు మాత్ర పెంచాడు. మళ్ళీ వచ్చినప్పుడూ కిందే ఉంది, మళ్ళీ పెంచాడు. అప్పుడు శేషగిరి గారు నన్ను పిలిచి, ఆమె ఏం తింటోందో చూడమన్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నిన్న ఏం వండావు, ఎస్తేరూ?"

"మునగాకు పప్పమ్మా."

"మొన్న?"

"తోటకూర. అటు మొన్న గోంగూర. మరేటి సేత్తామమ్మా, ఇప్పుడు ఇంట్లో నీచు ఒండట్లేదు గదా." అంతలోనే తల దించేసుకుంది. "కాయితంలో తినొద్దని ఉంది, నాకు తెలుసు. తిట్టకండమ్మా."

నేనెందుకు తిడతాను? ఆ కాగితం మీద నాకే కోపం. "తిట్టను. ఇప్పుడు తిన్నట్టే తిను, దానికి తగ్గట్టే మాత్ర పెంచారు. ఉన్నట్టుండి మాత్రం మానకు" అని చెప్పాను. "అలాగేనమ్మా, మీరు సెప్పినట్టే సేత్తాను" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం తేటపడింది. నాకు సంతోషం వేసింది. తరువాతి పరీక్షలో అంకె చక్కగా కూర్చుంది. ఇక నెల తరవాత రమ్మన్నారు.

ఇంట్లో నీచు ఎందుకు వండట్లేదని నేను అడగలేదు. చేపలు ప్రియమయ్యాయేమో, దానియేలుకి కడుపు బాగోలేదేమో అనుకున్నాను. మాది సబ్బవరం పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. కార్తీకమాసంలో మా ఇంట్లో ఎవరేం తింటారో, ఎవరేం మానేస్తారో నిద్దట్లో అడిగినా చెప్తాను. క్రైస్తవుల పండగలంటే మాత్రం నాకు క్రిస్మస్ కేకూ, గుడ్ ఫ్రైడే సెలవూ తెలుసు. అంతకుమించి తెలుసుకోవాలని తోచలేదు.

లిఫ్టులో వేపుడు వాసన

ఈస్టరు వెళ్ళిన వారంలో ఒక మధ్యాహ్నం లిఫ్టులో మా నర్సు గ్రేసు సిస్టర్ ఎక్కింది. ఆమె కూడా మల్కాపురం వైపే. చేతిలో క్యారేజీ, లిఫ్టంతా వంజరం చేప వేపుడు వాసన.

"ఏం సిస్టర్, ఘుమఘుమలాడించేస్తున్నావు" అన్నాను.

"ఉండండమ్మా, పెద్ద రోజులు అయిపోయినాయి. శ్రమ దినాలు మొత్తం ఆకులు తిని తిని మేకలమైపోనాం. పండగయ్యాక ఆకు మొహం సూడ్లేదు నాను" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "శ్రమ దినాలంటే? మీ అందరూ నీచు మానేస్తారా?"

"ఈస్టరుకి ముందు నలభై రోజులమ్మా. అందరూ కాదు గాని, మా సంగంలో సానా మంది మానేత్తారు. ఏటమ్మా, అలాగైపోయారు?"

ఇప్పుడు ఇంట్లో నీచు ఒండట్లేదు గదా. ఆ "ఇప్పుడు" అన్న మాట నా చెవిలో మోగింది. ఎస్తేరు తిండి మారలేదు, ఒక కాలం నడిచింది, అంతే. ఆ కాలానికి తగ్గట్టు మాత్ర రెండుసార్లు పెంచాం. కాలం అయిపోయింది. ఆకుకూర ఆగిపోయి ఉంటుంది, మాత్ర అలాగే ఉంది. పరీక్షకి ఇంకా చాలా రోజులుంది.

లిఫ్టు ఆగగానే బయటికి వచ్చి ఎస్తేరుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. కుట్టుమిషను చప్పుడులో వినపడలేదేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మూడోసారి దానియేలు ఎత్తాడు. పొద్దుటి డ్యూటీ దిగి అప్పుడే ఇంటికి వచ్చాడట.

"దానియేలూ, ఎస్తేరు ఎలా ఉంది?"

"పడుకుందమ్మా. పొద్దున్నుంచి తలనెప్పంట. నెప్పి మాత్ర ఏసుకుంది. ఇందాక వాంతయ్యింది."

"చిగుళ్ళనుంచి రక్తం ఏమైనా వస్తోందా?"

"నిన్న పళ్ళు తోముకుంటంటే వచ్చింది. సేతి మీద నల్లగా కమిలిపోయింది గాని, తలుపు తగిలిందంది. ఏటమ్మా, ఏటైపోతంది?"

"ఆకుకూర తింటోందా?"

"లేదమ్మా, పండగయ్యాక మానీసాం గదా."

"ఆమెని లేపు. ఇక ఏ మాత్రా వెయ్యకు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి, ఉన్నపళంగా తీసుకురా" అన్నాను. ఫోనులోనే అతను లేపడం వినిపించింది. "ఎస్తేరూ, ఎస్తేరూ, లేమ్మా" అంటున్నాడు. తరవాత నాతో, "పలుకుతంది గాని మాట ముద్దగా వత్తందమ్మా" అన్నాడు.

ఎక్కువ కాదు, తక్కువ కాదు

శేషగిరి గారి గదిలోకి తలుపు కొట్టకుండా దూసుకుపోయాను. ఒక రోగి గుండె వింటున్నారాయన. నేను రెండే ముక్కలు చెప్పాను. ఆయన నన్ను కసరలేదు. చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి, రోగికి క్షమాపణ చెప్పి, తల స్కానింగు వాళ్ళకీ రక్తనిధికీ తనే ఫోన్లు చేశారు.

ఆ తరవాత ఎదురుచూడడమే. కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీలు బారులు తీరాయని దానియేలు దారిలోంచి చెప్పాడు. నేను క్యాజువాలిటీ గుమ్మం దగ్గర నిలబడి, గేటులోకి మలుపు తిరిగే ప్రతి బండినీ చూశాను. అంబులెన్సులు వచ్చాయి. ఎవరిదో కాలు విరిగింది, ఎవరికో పురుడు. ఎస్తేరు రాలేదు. నిలబడ్డచోటే నిలబడి, ఆ లారీలన్నింటినీ ఎవరో ఒకరు పక్కకి తొయ్యాలని దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను. ఆమె దేవుడికి కూడా పెట్టుకున్నాను.

చివరికి వచ్చింది. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. నా వేలు పట్టుకోమంటే ఎడమ చేత్తో పట్టుకుంది. కుడి చెయ్యి, కత్తెర పట్టే చెయ్యి, పక్క మీదే ఉండిపోయింది. స్కానులో మెదడుకి ఎడమవైపు సన్నగా, నెలవంకలా రక్తం కనిపించింది. గడ్డకట్టే అంకె యంత్రం చూపించగలిగినదానికంటే పైన ఉంది.

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. రక్తం ఆగాలంటే మాత్ర విషాన్ని విరవాలి. దాన్ని విరిచేది ఏమిటి? కె విటమినే. మామూలు మనిషికైతే నిండుగా ఎక్కించేస్తారు. ఎస్తేరు గుండెలో లోహపు వాల్వు ఉంది. కె ఎక్కువైతే వాల్వు మీద గడ్డ కట్టి, తల బాగుపడేలోపే గుండె ఆగిపోవచ్చు. తక్కువైతే తల నిండిపోతుంది. కుర్ర డాక్టరు సూది మందు పట్టుకుని శేషగిరి గారి మొహం చూస్తున్నాడు. ఆయన మెదడు సర్జనుతో ఫోనులో మాట్లాడారు. చివరికి రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లాస్మా మొదలుపెట్టించి, కె విటమిన్ చిన్న మోతాదు సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించమన్నారు. "చాలకపోతే మళ్ళీ ఇద్దాం. ఎక్కువైతే వెనక్కి తీసుకోలేం" అన్నారు.

దానియేలు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పోర్టు దుమ్ము ఇంకా చొక్కా మీదే ఉంది. నా దగ్గరికి వచ్చి చాలా మెల్లిగా అడిగాడు.

"ఆకుకూర మానీబట్టే ఇలాగయ్యిందా అమ్మా?"

"అవును దానియేలూ."

"అయితే మునగాకు ఒండి తెచ్చీమంటారా? నాను ఇప్పుడే ఎల్లి తెత్తాను. సెట్టు ఇంటి ఎనకే ఉంది."

ఆ ఆకులో ఉన్నదాన్నే ఇప్పుడు సూదితో ఇస్తున్నారని చెప్పాను. అతను తల ఊపాడు. "మీకు తెలీదేటమ్మా, మాకు పండగ ఉంటాదని?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"తెలీదు. ఎందుకు మానేశారు మరి? మానొద్దన్నాను కదా."

"మీరు శ్రమ దినాల వరకే తినమన్నారనుకుందమ్మా. నీచు లేదు గనక సరే తినీమన్నారు, పండగయ్యాక మళ్ళీ కాయితం ప్రకారమే అనుకుంది. బీరువాకి అంటించింది గదా ఆ కాయితం, రోజూ సూస్తాది."

ఆమె దృష్టిలో నేను ఆమె నోముని గౌరవించి, పండగ వరకు మినహాయింపు ఇచ్చాను. నా దృష్టిలో ఆమె అలవాటు మారింది. ఒకే ఊళ్ళో ఏళ్ళ తరబడి బతికిన ఇద్దరం ఒకరినొకరం ఎంత మర్యాదగా అపార్థం చేసుకున్నామో చూడండి.

శేషగిరి గారు మంచం పక్కనే కూర్చుండిపోయారు. కొంచెం కొంచెం సేపటికి ఆమె గుండె మీద స్టెతస్కోపు పెట్టేవారు. లోహపు వాల్వు మూసుకున్నప్పుడల్లా టిక్కుమని స్పష్టంగా చప్పుడు చేస్తుంది. గడ్డ కట్టడం మొదలైతే ఆ చప్పుడు మొద్దుబారుతుంది. ఆయన విని, తల ఊపి, మళ్ళీ కూర్చునేవారు. ఒకసారి మాత్రం చాలాసేపు విన్నారు, తల ఊపలేదు. అప్పుడాయన, "ఫ్యాను ఆపండి" అని విసుక్కున్నారు. ఫ్యాను ఆపాక మళ్ళీ విని, "బానే ఉంది" అన్నారు. నేను స్టూలు మీద కూలబడ్డాను.

చీకటి పడే వేళకి అంకె దిగడం మొదలైంది. రెండో స్కానులో రక్తం పెరగలేదు. తల తెరిచే అవసరం పడలేదు. మర్నాడు నా వేలు పట్టుకోమంటే, కుడి చెయ్యి వచ్చి వేలిని తాకింది. పట్టుకోలేకపోయింది, తాకింది. ఆ రోజుకి మాకు అదే పెద్ద పండగ.

కాగితం చింపినాయన

ఎస్తేరు వార్డులోకి మారిన రోజున శేషగిరి గారు నన్ను పిలిచారు. బల్ల మీద ఆ పాత కాగితాల కట్ట ఉంది. "ఇది రాసింది నేను. చింపాల్సింది కూడా నేనే" అని కట్ట మొత్తం బుట్టలో పడేశారు. కొత్తది నన్ను రాయమన్నారు. రోజూ ఒకే మోతాదులో ఆకుకూర తినండి, తిండి మారే ముందు మాకు చెప్పండి అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాశాను. కటువుగా మాట్లాడే పై అధికారి దొరికితే భయపడకండి. తన తప్పు తన చేత్తో చింపేవాడా కాదా అన్నది చూసుకోండి.

అప్పటినుంచి నేను ఎవరినైనా అడిగే మొదటి ప్రశ్నల్లో పండగ ఒకటి. మాల వేసుకుంటారా? కార్తీక సోమవారాలు ఉంటారా? రంజాను ఉపవాసాలు పాటిస్తారా? శ్రమ దినాల్లో ఏం మానేస్తారు? వాళ్ళ దేవుడి గురించి మనకి ఆరా ఎందుకని నసిగే పిల్లలున్నారు. మనది ఆరా కాదు. ఏడాదిలో ఏ నెల ఎవరి పళ్ళెం మారుతుందో తెలియనివాడు మందు మోతాదు గురించి మాట్లాడకూడదు. ఇది కాస్త కఠినంగా ఉంటే ఉండనివ్వండి.

ఎస్తేరు చెయ్యి తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది. ఆ ఏడు పెళ్ళిళ్ళ సీజనులో వచ్చిన జాకెట్లన్నీ వెనక్కి పంపేసింది. వరండాలో హుక్కులు కుట్టే చెయ్యి రబ్బరు బంతిని నొక్కుతూ కూర్చునేది. నన్ను చూస్తే లేచి నిలబడి, "బాగున్నారా అమ్మా" అనేది. రోజూ పిడికెడు మునగాకో తోటకూరో చెప్పినట్టే తినేది, పరీక్షకి చెప్పిన రోజున వచ్చేది. ఒక్కటి కూడా జవదాటకుండా నా మాట వినేది. మా మధ్య అంతా సర్దుకుపోయిందని నేను నమ్మాను.

మరుసటి ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో, పరీక్షకి రమ్మన్న రోజు కాకపోయినా, ఎస్తేరు ఒక్కతే వచ్చింది. నుదుటి మీద బూడిద గుర్తు ఉంది; శ్రమ దినాలు మొదలయ్యే బుధవారం చర్చిలో అది పెడతారట. పొద్దున్నే అది పెట్టించుకుని అటునుంచి అటే వచ్చిందట. తిండి మారే ముందే చెప్పమన్నాం కదా, అందుకే వచ్చానంది. నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను.

"ఈసారి నీచు మానొద్దమ్మా. ఎప్పుడూ తినేదే తిను. పిడికెడు ఆకు, దాంతో ఏది ఉంటే అది" అన్నాను.

"మరి దేవుడికి నాను ఏటి మానీసినట్టు?" అంది.

టీవీ మానెయ్యొచ్చు కదా అని ఏదో అన్నాను. ఆమె నవ్వలేదు. కుడి చేతి వేళ్ళు ఒకసారి మూసి తెరిచి చూసుకుంది.

"మీ మీద కోపం ఉందమ్మా నాకు. పోయినేటి నుంచీ ఉంది. మీరు ఎంత మంచిగా మాట్లాడినా పోలేదు. ఈ యేడు దాన్ని మానీస్తన్నాను."

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఇయ్యాల్టి నుంచేనమ్మా" అంది. "బుదవారం గదా."